మట్టెద్దు, బెండుబండి, దూదిపగ్గం

“జేజీ, ఎద్దు కాలు ఇరిగిపాయ!”

రేగడి మట్టితో బొమ్మలు చేసే పిల్లలున్న ఇంట్లో రెండో రోజు వినపడే మాట ఇది. ముందురోజు సాయంత్రం ఎద్దు నిక్షేపంగా ఉంటుంది. కొమ్ములు, మూపురం, గంగడోలు అన్నీ కుదిరి ఉంటాయి. తెల్లారి తీసి ఎండలో పెడతారు. మధ్యాహ్నానికి మెడ మీద ఒక నెర్రె, ముందుకాలి మొదట్లో ఇంకొకటి. పొద్దు వాలేసరికి కాలు ఊడి చేతికొస్తుంది.

జేజి దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: “నీడన ఆరబెట్టమంటే యినకపోతివి.” సరైన జవాబే. అయితే ఎండలో పెట్టినా, నీడన పెట్టినా మట్టిలోంచి పోయేవి అవే నీళ్లు. తొందరగా పోతే కాలు విరగడమేమిటి, నిదానంగా పోతే నిలవడమేమిటి? ఇంకో చిక్కు కూడా ఉంది. అదే ఎద్దును పులివెందుల ఎర్రమట్టితో చేస్తే ఎండలో పెట్టినా అంతగా పగలదు. కానీ కొమ్ము వంచబోతే అక్కడికక్కడే విరిగి రాలుతుంది.

ఈ అధ్యాయంలో పిల్లలతో కలిసి ఒక ఎడ్లబండి చేద్దాం. ఎద్దులు మట్టివి, బండి జొన్నబెండుది, పగ్గాలు దూదివి. కొనాల్సిన సరుకు దాదాపు ఏమీ లేదు. ఈ మూడింటిలోనూ కంటికి ఆనని చిన్న ముక్కల ఆకారమే అసలు పని నడిపిస్తుంది. మట్టిలో అది పలక, బెండులో గది, దూదిలో పోగు. పెద్దవాళ్లు పక్కనే కూర్చోవాలి, బెండు పని దగ్గర మరీ ముఖ్యంగా.

నల్లమన్ను, ఎర్రమన్ను

జమ్మలమడుగు, పెద్దముడియం, ప్రొద్దుటూరు చుట్టుపక్కల పొలాల్లో ఎక్కువ భాగం నల్లరేగడి. శనగ, పత్తి, జొన్న పండే నేల. పులివెందుల వైపు పోయేకొద్దీ నేల ఎర్రబారుతుంది. అటంతా వేరుశనగ, చీనీ తోటలు. మధ్యలో పెన్నా ఇసుక. బొమ్మలు చేసేవాళ్లకు ఇంతకంటే మంచి సరుకుల కొట్టు ఎక్కడుంటుంది?

ఈ సీమ రాళ్లకు శాస్త్రంలో పాత పేరే ఉంది. విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1872లో కడప, కర్నూలు ప్రాంతాల రాళ్ల మీద ఒక పెద్ద గ్రంథం వెలువరించాడు. అందులో ఒక రాతి వరుసకు జమ్మలమడుగు పేరే పెట్టాడు. భూగర్భ శాస్త్ర పుస్తకాల్లో పులివెందుల క్వార్ట్‌జైట్, గండికోట క్వార్ట్‌జైట్, నార్జి సున్నపురాయి అనే పేర్లు ఇప్పటికీ కనిపిస్తాయి. మన ఇళ్లలో గచ్చుకు పరిచే కడప బండ ఆ నార్జి రాయే. ప్రొద్దుటూరుకు మాత్రం ఈ భాగ్యం దక్కలేదు. బంగారం అంగళ్లతో సరిపెట్టుకుంది.

మహారాష్ట్ర నల్లమట్టికి తల్లి లావా గడ్డకట్టిన రాయి. మన కుందూ, పెన్నా లోయల రేగడి పుట్టుక వేరు. ఇక్కడ చాలావరకు సున్నపురాయి, పలకరాయి పొరలు వేల ఏళ్లు నాని, చితికి మట్టి అయ్యాయి. నల్లగా ఉంది కదా అని ఎరువు దండిగా ఉందనుకోకూడదు. చాలా రేగళ్లలో సేంద్రియ కర్బనం వందకు ఒక పాలు కూడా ఉండదు. ఉన్న ఆ కొంచెమే మట్టిరేణువులకు గట్టిగా అంటుకుని అంత రంగు తెస్తుంది. ఎర్రమట్టి ఎరుపు ఇనుముది. గేటు చువ్వకు పట్టే తుప్పు, ఈ ఎరుపు ఒక కుటుంబానివే.

ఏ మట్టి దేనికి పనికొస్తుందో తేల్చడానికి పాము పరీక్ష చాలు. మట్టిని చపాతీ పిండి పదునుకు తడిపి, కడప బండ మీద చిటికెన వేలు మందాన పాములా పొడుగ్గా తాల్చాలి. దాన్ని బొటనవేలి చుట్టూ ఉంగరంలా చుట్టాలి. పగలకుండా చుట్టుకుంటే బొమ్మకు పనికొచ్చే జిగట ఉన్నట్టు. సగంలోనే తెగితే ఇసుక పాలు ఎక్కువన్నమాట. పులివెందుల ఎర్రమట్టి తరచుగా ఈ పరీక్షలో తప్పుతుంది. అప్పుడు ఆ మట్టిని బకెట్ నీళ్లలో బాగా కలిపి, ఒక నిమిషం ఆగి, పైనున్న ఎర్రనీళ్లను వేరే గిన్నెలోకి వంచుకోవాలి. బరువైన ఇసుక ముందే అడుక్కు దిగిపోతుంది. సన్నటి జిగట నీళ్లలోనే తేలుతుంటుంది. ఒకటి రెండు రోజులు కదపకుండా ఉంచితే అదీ దిగుతుంది. పైన తేటను పారబోసి అడుగున మిగిలిన మీగడ మట్టిని వాడుకోవచ్చు. చెరువు చేసేదీ ఇదే పని. చెరువు మట్టి అంత నున్నగా ఉండేది అందుకే.

పలకల మధ్య నీళ్లు

ఎర్రగుంట్ల వైపు పోతే రోడ్డు పక్క పాలిష్ యూనిట్ల ముందు కడప బండలు దొంతరలుగా పేర్చి కనిపిస్తాయి. పాలిష్ పట్టిన రెండు బండల మధ్య నీళ్లు పోశారనుకోండి. పైబండను పక్కకు నెడితే సులువుగా జారుతుంది. నిట్టనిలువుగా పైకి లేపబోతే మాత్రం అంటుకుపోయినట్టు మొరాయిస్తుంది. జిగట మట్టి ఇలాంటి దొంతరలతో నిండిన సరుకు. కాకపోతే అక్కడి బండలు మరీ చిన్నవి. ఒక మిల్లీమీటరును పది లక్షల ముక్కలు చేస్తే వచ్చే ఒక ముక్క మందం, అంటే 1 నానోమీటరు, రేగడిలోని ఒక్కో పలక మందం. మధ్యనున్న నీళ్ల వల్ల పలకలు ఒకదాని మీద ఒకటి జారుతాయి, అందుకే మట్టి మనం నొక్కిన ఆకారానికి వస్తుంది. జారినా విడిపోవు, అందుకే ఆ ఆకారంలో నిలుస్తుంది. కుమ్మరి చక్రం మీద కుండ లేవడానికి ఈ రెండు గుణాలూ కావాలి.

రేగడికీ ఎర్రమట్టికీ తేడా దొంతర కట్టులో ఉంది. ఎర్రమట్టిలో ఎక్కువగా ఉండేది కయొలినైట్ అనే ఖనిజం. దాని దొంతరలో బండలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని ఉంటాయి. నీళ్లు దొంతర చుట్టూ తిరుగుతాయి తప్ప బండకూ బండకూ మధ్య దూరలేవు. రేగడిలో ఉండేది ఉబ్బుడు ఖనిజం, శాస్త్రవేత్తలు స్మెక్టైట్ అంటారు. దీని పలకల మీద రుణ విద్యుదావేశం ఉంటుంది. ఆ పలకలను కలిపి ఉంచేవి మధ్యలో కూర్చున్న సోడియం, కాల్షియం, మెగ్నీషియం అయాన్లు. ఈ అయాన్లకు నీళ్లంటే మహా ప్రీతి. తడి తగిలితే చాలు, నీటి అణువులను చుట్టూ చేర్చుకుంటాయి. అవి కూర్చునే చోటు కోసం పలకలు ఎడంగా జరుగుతాయి. కోట్ల దొంతరల్లో ఒకేసారి ఇలా జరిగితే పొలం పొలమే ఉబ్బుతుంది. ఎండాకాలంలో నీళ్లు వెళ్లిపోగానే పలకలు దగ్గరకు జరిగి నేల నెర్రెలు ఇస్తుంది. జమ్మలమడుగు పొలాల్లో మే నెలలో కాలు జాగ్రత్తగా వేయాల్సింది ఇందుకే.

ఇప్పుడు ఎద్దు సంగతి. తడి ఎద్దు ఆరడమంటే పలకలు దగ్గరకు జరగడం, అంటే ఎద్దు కుంచించుకుపోవడం. ఎండలో పై పొర ముందు ఆరి బిగుసుకుంటుంది. లోపలి పొట్ట ఇంకా తడిగా, లావుగా ఉంటుంది. బిగుసుకునే పై పొరకు లోపలి లావు అడ్డం. ఇక దానికి మిగిలిన దారి చిరగడమే. కాళ్లు సన్నం కాబట్టి ముందే ఆరి పొట్టిబడతాయి, పొట్ట మాత్రం కదలదు. రెండూ కలిసే చోట పీకులాట మొదలై కాలు ఊడుతుంది. నీడలో ఆరితే లోపలి నీళ్లు నిదానంగా పైకి వచ్చే వ్యవధి దొరుకుతుంది. లోపల, బయట దాదాపు ఒకే సమయంలో కుంచించుకుంటే పీకులాట ఉండదు. జేజి చెప్పింది ఇదే.

ఎంత కుంచించుకుంటుందో పిల్లలే కొలవచ్చు, స్కేలు చాలు. రేగడితో ఒక పట్టీ, ఎర్రమట్టితో ఒక పట్టీ, మూడు పాళ్ల రేగడికి ఒక పాలు సన్న ఇసుక కలిపి ఇంకొక పట్టీ చేయాలి. ఒక్కోటి జానెడు లోపు పొడవు, రెండు వేళ్ల వెడల్పు ఉంటే చాలు. తడిగా ఉన్నప్పుడే గుండుసూదితో సరిగ్గా 10 సెంటీమీటర్ల ఎడంలో రెండు గీతలు గీయాలి. ఆరాక మళ్లీ కొలవాలి. 10 సెంటీమీటర్లంటే 100 మిల్లీమీటర్లు కాబట్టి ఎన్ని మిల్లీమీటర్లు తగ్గితే వందకు అన్ని పాళ్లు తగ్గినట్టు. లెక్క పిల్లలకు నోటికే వస్తుంది. అసలు రేగడి పట్టీలో సెంటీమీటరు, ఆ పైన కూడా తగ్గడం వింతేమీ కాదు. ఇసుక పాలెక్కువున్న ఎర్రమట్టిలో తగ్గుదల దాంట్లో సగం కూడా ఉండకపోవచ్చు. పెద్ద తరగతి పిల్లలుంటే ఇంకో ప్రశ్న వేయండి. పొడవు, వెడల్పు, మందం మూడూ వందకు పది తగ్గితే మొత్తం పరిమాణం ఎంత తగ్గినట్టు? 27 పాళ్లు. ఎద్దులో పాతిక వంతుకు పైగా మాయమైందన్నమాట!

ఇసుక కలిపిన పట్టీ ఈ రెండింటి మధ్యలో ఎక్కడో ఉంటుంది. ఇసుకరేణువు ఉబ్బదు, కుంచించుకోదు. పలకలు దగ్గరకు జరగబోతే మధ్యలో అడ్డంగా నిలబడుతుంది. రేగడి నేలలో ఇల్లు కట్టేవాళ్లు పునాది కింద మట్టి తీసి గరుసు పోయించేది ఈ సూత్రం మీదే.

ఎద్దును నిలబెట్టడం

ఇప్పుడు పని. మూడు పాళ్ల రేగడి, ఒక పాలు పెన్నా సన్న ఇసుక, గుప్పెడు మెత్తటి ఊక. ఆరిన పేడ పొడి దొరికితే అదీ కొంచెం. ఊక, పేడలోని పీచు పగులుకు అడ్డంగా వంతెన వేస్తాయి, నెర్రె మొదలైనా ముందుకు పోనివ్వవు. మట్టిని కలిపి గోనెపట్ట కప్పి ఒక రాత్రంతా నాననివ్వండి. నీళ్లు ప్రతి పలక సందులోకీ పోవడానికి వ్యవధి కావాలి. అప్పటికప్పుడు తడిపిన మట్టికీ, నానిన మట్టికీ తేడా చెయ్యి పెట్టగానే తెలుస్తుంది.

పొట్టను గట్టి ముద్దగా చేయొద్దు. అడుగు నుంచి బొటనవేలితో లోపలికి తొలిచి డొల్లగా చేస్తే గోడ మందం అంతా ఒకేలా ఉండి, ఒకేలా ఆరుతుంది. కాళ్లు కురచగా, లావుగా ఉండాలి. పిల్లలు గుర్రం కాళ్లు పెడతామంటారు, వినొద్దు. కాలు అతికించే చోట రెండు వైపులా పుల్లతో గీతలు గీసి, నీళ్లగా కలిపిన మట్టి గుజ్జు పూసి నొక్కాలి. గీతల వల్ల రెండు ముక్కల పలకలూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఊరికే తడి చేసి నొక్కితే ఆరాక అతుకు ఊడుతుంది. ముక్కుతాడు కోసం ముక్కులోంచి పరకపుల్ల దూర్చి, బెజ్జం మిగిలాక తీసేయాలి.

ఆరబెట్టేటప్పుడు మొదటి రోజు తడిగుడ్డ కప్పి నీడలో ఉంచాలి. రెండో రోజు గుడ్డ తీసేయొచ్చు. రంగు మారడం గమనించమనండి. పలకలు ఒకదానికొకటి తగిలేంత దగ్గరకు వచ్చాక ఇక కుంచించుకోవడం ఆగిపోతుంది. ఆ తర్వాత సందుల్లో మిగిలిన నీళ్లు పోయి గాలి చేరుతుంది, మట్టి రంగు తేలుతుంది. ఎద్దు ఒంటినిండా రంగు తేలిందంటే ఎండలో పెట్టినా భయం లేదు.

పొయ్యిలో కాల్చే పని పెట్టుకోవద్దు. మందపాటి మట్టిలో మిగిలిన తడి ఆవిరై బొమ్మను పేల్చేస్తుంది. కుమ్మరి బట్టీలో వేడి 500 డిగ్రీలు దాటాక పలకల నిర్మాణంలోనే ఇమిడి ఉన్న నీరు కూడా పోతుంది, మట్టి మరో పదార్థంగా మారుతుంది. ఇక దాన్ని ఎన్ని నీళ్లలో నానబెట్టినా మళ్లీ బురద కాదు. ఇటుక ముక్కను, ఆరిన రేగడి గడ్డను, అదే సైజు తడి రేగడి ఉండను మూడు గ్లాసుల నీళ్లలో వేసి చూపించండి. ఇటుక అలాగే ఉంటుంది. మిగతా రెండింటిలో ఏది ముందు కరుగుతుందని అడిగితే పిల్లలందరూ తడిదే అంటారు. చూస్తుండగానే ఎండుగడ్డ బుడగలు వదులుతూ విచ్చుకుపోతుంది, తడి ఉండ చాలాసేపు కదలదు. ఎండుగడ్డ సందుల్లో ఉన్న గాలి నాలుగు వైపుల నుంచి దూసుకొచ్చే నీళ్ల మధ్య ఇరుక్కుని, బయటికి తన్నుకొస్తూ గడ్డను చీలుస్తుంది. తడి ఉండలో తన్నుకురావడానికి అంత గాలి లేదు.

బండి

జొన్న కోతయ్యాక చేలో మిగిలే దంటు ఒకప్పుడు పిల్లల సొత్తు. పై తొక్క తీస్తే లోపల తెల్లటి బెండు. దాంతో కళ్లద్దాలు చేసుకుని పంతుళ్ల వేషం కట్టేవాళ్లు, బండ్లు చేసేవాళ్లు. జొన్న వేసే చేలు తగ్గాయి కాబట్టి దంటు దొరకకపోతే మొక్కజొన్న కాడ వాడొచ్చు. ఇంకా లావుగా ఉంటుంది కనుక చిన్నపిల్లల చేతికి అదే నయం.

ఒక హెచ్చరిక. దంటు తొక్క అంచు బ్లేడులా కోస్తుంది. పెద్దవాళ్లు చాకుతో ఒలిచి, పేళ్లుగా చీల్చి ఇవ్వాలి.

బాగా ఎండిన దంట్లు తీసుకుని కణుపుల మధ్య ముక్కలు కోయాలి. రెండు పొడుగు బెండ్లు నొగలు. వాటి మధ్య తొక్క పేళ్లను మేకుల్లా గుచ్చుతూ అడ్డబెండ్లు వేస్తే బండి చట్రం. లావు బెండును బిళ్లలుగా కోస్తే చక్రాలు, పరకపుల్ల ఇరుసు, ముందు ఒక బెండు ముక్క కాడి. జిగురు అక్కర్లేదు. పేడు గుచ్చుకున్న చోట బెండులోని గదులు నలిగి, చుట్టూ ఉన్నవి దాన్ని అదిమి పట్టుకుంటాయి. ఆ గదులనే కణాలు అంటాం. పచ్చిగా ఉన్నప్పుడు వాటినిండా రసం, ఎండాక గాలి. ఇంగ్లండులో రాబర్ట్ హుక్ సూక్ష్మదర్శినిలో బెరడు బిరడా ముక్కను చూసి, ఆ చిన్న గదులకు కణం అన్న అర్థమిచ్చే పేరును 1665లో అచ్చు వేయించాడు. మొక్కల బెండును కూడా ఆయన ఆ అద్దం కింద పెట్టి చూశాడు.

తొక్క ఒలవని దంటు ఒకటి, ఒలిచిన బెండు ఒకటి, ఒకే పొడవున్నవి తీసుకోండి. రెండు పుస్తకాల దొంతరల మీద వారధిలా పెట్టి, మధ్యలో దారంతో చిన్న డబ్బా వేలాడదీసి ఒక్కో గులకరాయి వేస్తూ పోవాలి. బెండు కొద్ది రాళ్లకే పుటుక్కుమంటుంది. దంటు చాలాసేపు మోస్తుంది. అంత పల్చటి తొక్కకు ఇంత బలమెక్కడిది? పుల్లను వంచితే పై వైపు నొక్కుకుంటుంది, కింది వైపు సాగుతుంది. సరిగ్గా నడిమధ్య ఈ రెండూ దాదాపు ఉండవు. కష్టమంతా అంచులదే, నడుముకు పనే లేదు. మొక్క తన గట్టి నారలన్నీ పని ఉన్న అంచుల్లోనే పేర్చి, పని లేని చోట గాలిగదులతో సరిపెట్టింది. నిలువెత్తు దంటు మీద బరువైన కంకిని నిలపాలి, ఉన్న సరుకులోనే నిలపాలి. గెలీలియో 1638లో వెలువరించిన ఆఖరి పుస్తకంలో గడ్డిపరకను, పక్షి ఎముకను తీసుకుని ఈ సంగతే చర్చించాడు. అదే సరుకుతో డొల్ల లేకుండా సన్నగా చేస్తే గడ్డిపరక వంపుకూ విరుపుకూ అంతగా తట్టుకోదని ఆయన లెక్క.

అయితే బెండు దండగని అనుకోవద్దు. పల్చటి గొట్టాన్ని వంచితే ముందు నొక్కుపడి చదునవుతుంది, ఆ తర్వాత మడతపడిపోతుంది. లోపల బెండు ఉంటే ఆ నొక్కు పడనివ్వదు.

పగ్గం

దూది దుకాణంలో దొరికే చుట్టలకంటే పత్తికాయలోంచి తీసిందైతే మేలు. ప్రొద్దుటూరు చుట్టుపక్కల పల్లెల్లో అడిగితే గుప్పెడు పత్తి ఎవరూ కాదనరు. గింజలు ఒలిచి, వేళ్లతో దూదిని పల్చగా విప్పాలి. పోగు పొడవు చూడమనండి, 25 నుంచి 30 మిల్లీమీటర్లు ఉంటుంది. అంగుళం పోగులతో గజాల కొద్దీ దారం ఎలా వస్తుంది? చివరలను ముడి వేసేవాళ్లు ఎవరూ లేరు.

కొంచెం దూదిని సాగదీసి పురి లేకుండా లాగితే ఇట్టే విడిపోతుంది. పోగులు ఒకదాని పక్క నుంచి ఇంకొకటి జారిపోతాయి. అదే దూదిని వేళ్ల మధ్య ఒకే వైపు తిప్పుతూ సాగదీస్తే దారం. పురి ఎక్కిన ప్రతి పోగూ మిగతా వాటి చుట్టూ చుట్టుకుని ఉంటుంది. రెండు చివరలా లాగితే అవి లోపలికి బిగుస్తాయి, ఒకదాన్నొకటి అదుముకుంటాయి. ఎంత గట్టిగా లాగితే అంత గట్టిగా అదుముకుంటాయి. దారంలో పోగులను పట్టి ఉంచేది ఈ ఒరిపిడే. మోరగుడి, వేపరాల మగ్గాల మీద పడుగుకు గంజి పెట్టేది కూడా లేచిన పోగు చివరలను దారానికి అణిచిపెట్టి, అచ్చులో రాపిడికి తెగకుండా చూడటానికే. పురి ఎంతన్నది పనిని బట్టి మారుతుంది. దీపం వత్తికి పురి ఎక్కిస్తే పోగుల సందులు మూసుకుపోయి నూనె సరిగా ఎక్కదు. అందుకే దాన్ని అరచేతిలో వదులుగా తాలుస్తారు.

మూర పొడవు దారాన్ని ఒక చివర కిటికీ చువ్వకు కట్టి, రెండో చివర పట్టుకుని ముడతలు పడబోయేదాకా పురి ఎక్కించండి. మధ్యలో వేలు పెట్టి మడిచి వేలు తీసేస్తే రెండు పాయలు వాటంతటవే చుట్టుకుంటాయి. విప్పుకోవాలని చూసే పురి, ఎదురు దిశలో రెండో పురిగా మారుతుంది. ఆ రెండు పురులూ ఒకదాన్నొకటి ఆపుతాయి కాబట్టి చివర వదిలినా విడిపోదు. ఇదే పగ్గం.

ఎద్దులకు కట్టే ముందు పగ్గాన్ని ఒకసారి తడిపి ఆరనివ్వాలి. చివరకు చిన్న రాయి కట్టి వేలాడదీసి నీళ్లు చిలకరిస్తే రాయి కొంచెం పైకి లేవడం చూడొచ్చు. నీళ్లు తాగిన పోగు పొడవు పెద్దగా మారదు కానీ లావెక్కుతుంది. లావెక్కిన పోగులను చుట్టి రావడానికి పురికి ఎక్కువ పొడవు కావాలి, ఆ పొడవును పగ్గం నిడివిలోంచి తీసుకుంటుంది. మట్టిలో నీళ్లు చేరితే ఎద్దు పెరుగుతుంది, పగ్గంలో చేరితే పగ్గం తరుగుతుంది. తడపకుండా బిగించి కడితే తొలి తడికే ఎద్దు ముక్కు ఊడిరావచ్చు.

బండిని మాత్రం వానలో వదలొద్దు. ఎద్దు కరిగితే పోయేదేమీ లేదు, ఆ ముద్దనే నానబెట్టి మళ్లీ చేసుకోవచ్చు. బెండు నీళ్లు తాగితే బూజు పడుతుంది, కొత్త దంటుకు మళ్లీ కోతల దాకా ఆగాల్సిందే.